అరటిపండు, నారింజ, పుచ్చకాయ

శ్రోతలకు నమస్కారం. కెన్యా రాజ్యాంగం కథ పండ్లతో మొదలవుతుంది.

2005 నవంబరులో అక్కడ కొత్త రాజ్యాంగంపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. చదువురానివారికీ తెలిసేలా ‘అవును’కు అరటిపండు, ‘కాదు’కు నారింజ గుర్తులుగా ఇచ్చారు. అధ్యక్షుడి అధికారాలకు కత్తెర వేస్తారని ఆశపడిన జనానికి ముసాయిదాలో ఆ కత్తెర మొద్దుబారి కనిపించింది. నారింజ గెలిచింది. ఆ పండు పేరుతో ఏకంగా ఒక పార్టీయే పుట్టుకొచ్చింది.

రెండేళ్లకు, 2007 డిసెంబరు ఎన్నికల ఫలితంపై రగిలిన హింసలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. లక్షలాది మంది ఇళ్లు వదిలి పోయారు. ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ మధ్యవర్తిత్వంతో నాయకులు ఒప్పందానికి వచ్చారు. రాజ్యాంగం మార్చక తప్పదని అప్పటికి అందరికీ తెలిసివచ్చింది.

2010 ఆగస్టు 4న మళ్లీ ఓటింగు. ఈసారి పండ్లు లేవు, ‘అవును’కు ఆకుపచ్చ, ‘కాదు’కు ఎరుపు. అయినా జనం ఒక పండును తెచ్చిపెట్టారు. పైకి సమర్థిస్తూ లోలోపల వ్యతిరేకించే నాయకులకు ‘పుచ్చకాయలు’ అని పేరు పెట్టారు. ఇలాంటి పుచ్చకాయలు మనకూ కొత్త కాదనుకోండి! మూడింట రెండు వంతుల మంది ఆకుపచ్చకు ఓటేశారు. 47 కౌంటీలు, అంటే మన జిల్లాల్లాంటి పాలనా విభాగాలు, వాటికి ఎన్నికైన గవర్నర్లు, జాతీయ ఆదాయంలో కనీసం 15 శాతం వాటా వచ్చాయి.

అసలు పరీక్ష 2017లో ఎదురైంది. ఫలితాలను చేరవేయడంలో అక్రమాలు జరిగాయని, సెప్టెంబరు 1న ప్రధాన న్యాయమూర్తి డేవిడ్ మరాగా నేతృత్వంలోని సుప్రీంకోర్టు అధ్యక్ష ఎన్నికనే రద్దు చేసింది. గెలిచినట్టు ప్రకటించింది పదవిలో ఉన్న అధ్యక్షుడినే. మళ్లీ జరిగిన ఎన్నికను ప్రతిపక్ష నేత బహిష్కరించడంతో గెలుపు ఆ అధ్యక్షుడికే దక్కింది, నిజమే. కానీ 2022 ఎన్నికల్లో పోలింగ్ కేంద్రాల ఫలితాల పత్రం, వాళ్ల భాషలో ‘34ఎ’, ఒక్కొక్కటీ ఫొటోగా ఇంటర్నెట్‌లో పెట్టారు. ఎవరైనా ఇంట్లో కూర్చుని ఓట్లు కూడుకోవచ్చు.

మనకూ ఇందులో ఒక చుట్టరికం ఉంది. 1973లో కేశవానంద భారతి కేసులో మన సుప్రీంకోర్టు చెప్పిన ‘మౌలిక స్వరూపం’ వాదనను, అంటే రాజ్యాంగంలోని మూల లక్షణాలను సవరణతో చెరపకూడదన్న మాటను, కెన్యా హైకోర్టు 2021లో అందిపుచ్చుకుని, నాటి అధ్యక్షుడు తలపెట్టిన సవరణలను ఆపేసింది. మరుసటి ఏడాది అక్కడి సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. అయితే, ప్రజల పేరిట సవరణ ప్రతిపాదించే దారి పౌరులది, అధ్యక్షుడిది కాదంటూ ఆ సవరణలను మాత్రం ముందుకు కదలనివ్వలేదు.