వాలు నేలకు వట్టివేరు

సభాధ్యక్షులకు, ఏటా జూలై మొదటి వారంలో ఈ వనమహోత్సవాన్ని మానకుండా జరుపుతున్న మన కాలనీ సంఘం సభ్యులకు, చినుకులను లెక్కచేయక వచ్చిన పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం. ‘ఇంటి తోటలో తక్కువ శ్రమతో ఏళ్ల తరబడి నిలిచే సన్నాకు మొక్కలు’ అన్న విషయం మీద మాట్లాడమని నన్ను కోరారు. నిమ్మగడ్డి, పిల్లిపీచర, వట్టివేరు అనే మూడింటి గురించి వరుసగా చెప్పాలని కాగితం మీద రాసుకుని వచ్చాను.

నిమ్మగడ్డి గురించి చెప్పవలసింది తక్కువ. రెండు మూడేళ్లకోసారి దుబ్బును తవ్వి విడదీసి, ముదిరిన నడిమి భాగాన్ని పారేసి, చుట్టూ ఉన్న లేత పిలకలను తిరిగి నాటుకుంటే అది ఎప్పటికీ మీ పెరట్లోనే ఉంటుంది. పిల్లిపీచర, అంటే శతావరి, ఇంకా సున్నితంగా కనిపిస్తుంది. ఆకుల్లా మనకు తోచే ఆ పచ్చని నూలుపోగులు నిజానికి రూపు మార్చుకున్న కొమ్మలు. నేలలో గుత్తిగా ఊరే దుంపవేళ్లలో నీరు దాచుకుంటుంది కనుక మనం వారం రోజులు ఊరెళ్లినా వాడిపోదు. తీగకు ముళ్లుంటాయి కాబట్టి పిల్లలు తిరిగే దారికి దూరంగా పాకించండి. మిగిలిన సమయమంతా వట్టివేరుకే ఇవ్వాలని, ఇక్కడికి వచ్చే దారిలో మన పార్కు వాలును మళ్లీ చూశాక, నిశ్చయించుకున్నాను. అధ్యక్షులు అనుమతించాలి.

విజయనగరంలో మా పుట్టింటి వసారా పడమటి ముఖంగా ఉండేది. వేసవి వచ్చిందంటే మా నాన్నగారు వట్టివేళ్ల తడికలు కట్టించేవారు. మధ్యాహ్నం పన్నెండు నుంచి పొద్దు వాలేదాకా, అరగంటకోసారి చెంబుతో వాటి మీద నీళ్లు చల్లడం నా పని. తడి తడికలోంచి గాలి లోపలికి వచ్చినప్పుడు, తొలకరికి నేల తడిసిన వాసనా, ఏదో పాత కర్రపెట్టె తెరిచిన వాసనా కలిసినట్లుండేది. తాగునీటి కుండలో మా అమ్మ చిటికెన వేలంత వేళ్ల కట్ట ఒకటి వేసేది. ఇంతగా ఎరిగిన ఆ వేరుకు పైన మొక్క ఎలా ఉంటుందో మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. వృక్షశాస్త్రం చదువుకుని, కళాశాలలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన తరవాతే నేను ఆ మొక్కను కళ్లతో చూశాను. ఈ మాట మీరు గుర్తుంచుకోవాలి. మనం వేరును కొని తెచ్చుకుంటాం, మొక్కను గుర్తుపట్టం. నేను చెప్పదలచిన కష్టమంతా ఇందులోంచే పుట్టింది.

ఇదిగో, ఈ కుండీలో ఉన్నది మా ఇంటి దుబ్బే. ఆకు వెడల్పు సెంటీమీటరు ఉండదు, పొడవు మాత్రం మీటరు దాకా సాగుతుంది. మొదలు నుంచి కొస వైపు వేళ్లతో నిమిరితే పట్టుదారంలా జారుతుంది. కొస నుంచి వెనక్కి లాగితే అంచు గరుకుగా తగులుతుంది. మొదలు దగ్గర పిలకలన్నీ విసనకర్ర మడతల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుని బిగిసి ఉన్నాయి, చూడండి. ఇది నేల మీద పాకదు, పక్కింటి పాదులోకి వెళ్లదు, నాటినచోటే లావెక్కుతుంది. పైకి ఒకటిన్నర మీటర్లు కనిపించే ఈ మొక్క వేరు తిన్నగా కిందికి మూడు మీటర్లు దాటిపోగలదు. పక్కలకు పరుచుకోకుండా లోతుకు దిగుతుంది కాబట్టి దగ్గరలో ఉన్న మామిడికో జామకో పోటీ రాదు. కొట్టుకొచ్చిన మట్టి మొదలు దగ్గర పేరుకుంటే, కప్పబడిన కణుపుల నుంచి కొత్త వేళ్లు వేసి ఆ మట్టితో పాటే పైకి లేస్తుంది. వాలు మీద మెట్టుగట్టు దానంతట అదే కట్టుకునే గడ్డి ఇది.

ప్రపంచం దీన్ని వెటివర్ అంటుంది. అది దక్షిణాది మాట. మన వట్టివేరు, తమిళుల వెట్టివేరు. కర్ణాటకలోని గుండ్లుపేట ప్రాంతపు రైతులు దీన్ని తరతరాలుగా పొలం సరిహద్దుల్లో పెంచుకుంటూ వచ్చారు. జాన్ గ్రీన్‌ఫీల్డ్ అనే నిపుణుడు 1950లలో ఫిజీ చెరకు తోటల్లో మట్టి కోతను ఆపడానికి దీన్ని వాడారు. 1980లలో ప్రపంచ బ్యాంకు తరఫున రిచర్డ్ గ్రిమ్‌షాతో కలిసి మన దేశపు పరీవాహక ప్రాంతాల పథకాల్లోకి తెచ్చారు. 1993లో అమెరికా జాతీయ పరిశోధన మండలి దీని మీద ఒక గ్రంథమే వెలువరించింది. థాయిలాండ్ రాజు భూమిబల్ 1991 నుంచి తన దేశపు కొండవాలుల మీద పట్టుబట్టి నాటించారు. ఇంత దూరం వెళ్లి గౌరవం పొందిన మొక్క, పుట్టిన గడ్డ మీద పిచ్చిగడ్డి అనిపించుకుంటోంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2011 తొలకరిలో మేము కొందరం కలిసి పార్కు దిగువ వాలు మీద ముప్ఫై మీటర్ల పొడవున దీన్ని నాటాం. మన విశాఖ ఎర్రమట్టి వాన నీటికి ఎలా కరిగి గండ్లు పడుతుందో భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలను చూసినవారికి చెప్పనవసరం లేదు. మొదటి మూడు నెలలు మాత్రమే నీళ్లు పోశాం, తరవాత పోయలేదు. ఏడాదికి రెండుసార్లు మోకాలి ఎత్తుకు కోసి, ఆ ఆకునే చెట్ల పాదుల్లో పరిచాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ కాలనీలో నిద్రగన్నేరులు, అశోకాలు వేళ్లతో సహా ఒరిగిపోవడం మీరంతా చూశారు. ఆ మర్నాడు నేను పార్కుకు వెళ్లేసరికి వట్టివేరు కంచె దువ్విన జుట్టులా ఒకే వైపు పడుకుని ఉంది. పది రోజుల్లో లేచి నిలబడింది. దాని వెనక ఆగిన మట్టి జానెడు మందం ఉంది.

అటువంటి కంచెను మూడేళ్ల క్రితం వేసవిలో, పార్కును అందంగా తీర్చిదిద్దే పనిలో భాగమంటూ తవ్వించేశారు. ఎవరు చేయించారన్నది నేను ఈ వేదిక మీద చెప్పను, వారి మీద నాకు వైరం లేదు. నేను కబురు తెలిసి వెళ్లేసరికి మూడు వంతులు పోయింది. గునపంతో పెళ్లగించిన దుబ్బులు కుప్పగా పడి ఉన్నాయి. అక్కడ మట్టి ఎత్తుతున్న కూలీ ఆమె ఒక దుబ్బు చేతిలోకి తీసుకుని, మట్టి దులిపి, వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి ఆగిపోయింది. “అమ్మా, ఇది వట్టివేరు కదేటి! ముందుగాల మాకెవులూ సెప్పనేదు” అంది. ఆమె వేరును గుర్తుపట్టింది. ఆకును ఎవరూ గుర్తుపట్టలేదు. పద్నాలుగేళ్ల పిల్లవాడి చేత కూడా కాగితం మీద మొక్కల పేర్లు రాయించే మనం, ఒక చిన్న పలక రాసి ఆ కంచె దగ్గర పాతలేదు. ఆ తప్పు నాది కూడా. ఆ స్థానంలో పరిచిన పచ్చికకు రోజూ నీళ్లు కావాలి, వారం వారం కత్తిరింపు కావాలి. ఆ వర్షాకాలంలోనే వాలు మీద రెండు చోట్ల గండి పడి, కింది వీధి కాలువ ఎర్రమట్టితో పూడిపోయింది. ఈ రోజు వస్తూ చూశాను, గండి ఇప్పుడు నా నడుము లోతుంది. కింది వీధిలో ఉంటున్నవారు ఈ సభలోనే ఉన్నారు, నేను చెప్పినది అబద్ధమైతే లేచి చెప్పండి.

నాటే పద్ధతి కష్టమేమీ కాదు. దుబ్బును తవ్వి, పిలకలను రెండు మూడేసి చొప్పున విడదీయాలి. ఆకును జానెడు మిగిల్చి, వేరును నాలుగు వేళ్ల పొడవు మిగిల్చి కోసేయాలి. కంచె కోసమైతే వాలుకు అడ్డంగా, నీటిమట్టం గీత, అంటే అంతటా ఒకే ఎత్తులో సాగే గీత, పట్టుకుని, పదిహేను సెంటీమీటర్ల ఎడంగా నాటాలి. ఎడం పెరిగితే ఆ సందులోంచే నీరు మట్టిని లాక్కుపోతుంది. అందం కోసమైతే ఒక్కొక్క దుబ్బును మీటరు దూరంలో విడిగా వదలండి. ఎండ మాత్రం నిండుగా ఉండాలి, నీడలో ఇది నీరసిస్తుంది. గింజ మొలిచే ఉత్తరాది అడవి రకాన్ని తేవద్దు, గింజ పట్టని దక్షిణాది రకం పిలకలనే అడిగి తెచ్చుకోండి. వేళ్లు కావాలనుకునేవారు పెద్ద సంచిలో ఇసుక కలిపిన మట్టి నింపి అందులో పెంచి, ఏడాదిన్నర తరవాత సంచి కోసి తీసుకోండి. వాలు మీది దుబ్బును వేళ్ల కోసం ఎన్నడూ తవ్వకండి.

సంఘం పెద్దలను ఒక్కటే అడుగుతున్నాను. ముప్ఫై మీటర్లకు 200 చోట్లు, చోటుకు మూడు చొప్పున 600 పిలకలు కావాలి. మా పెరట్లో పన్నెండు దుబ్బులు తవ్వి, ఆ 600 పిలకలనూ నిన్ననే విడదీశాను. బయట వసారాలో తడిగోనె కింద ఉన్నాయి. పేరు రాసిన పలక కూడా ఈసారి చేయించి తెచ్చాను. గునపాలు, పలుగులు, నీటిమట్టం గొట్టం సిద్ధంగా ఉన్నాయి, చినుకు కూడా ఆగింది. మీరు సరేనంటే, టీ తాగిన వెంటనే పిల్లలను వెంటబెట్టుకుని వాలు దగ్గరకు బయలుదేరుదాం.