కడప ఎండలో చీమల గూడు

(కడపలో సైన్సు ఉపాధ్యాయులు, విద్యార్థులు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

"చీమలను పెంచడం ఏమిటి స్వామీ, వద్దన్నా అవే పెరుగుతున్నాయి కదా" అని ఇందాక టీ దగ్గర ఒకరు అడిగారు. అడగవలసిన మాటే. వంటింటి గట్టు మీద మనకు కనిపించేవి మేతకు వచ్చిన చీమలు మాత్రమే. రాణి ఎలా ఉంటుంది, గుడ్లు ఎక్కడ పెడుతుంది, పిల్లలకు ఎవరు తినిపిస్తారు అన్నదంతా గోడ పగులు లోపల జరిగే సంసారం. దాన్ని చెడగొట్టకుండా చూడాలంటే ఇల్లు మనమే కట్టివ్వాలి. నేను మాట్లాడబోయేది ఆ కట్టుబడి గురించే.

ఇంటర్నెట్‌లో దొరికే గూళ్ల నమూనాలు చాలావరకు చలి దేశాలవి. గూటి కింద వేడి తీగ పరచమంటాయి, శీతాకాలంలో చీమలను ఫ్రిజ్‌లో నిద్రపుచ్చమంటాయి. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో వేడి తీగతో మనకేం పని? మన లెక్క పూర్తిగా తిరగబడి ఉంటుంది. వేడి ఎలా తగ్గించాలి, తడి ఎలా నిలపాలి అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన గూడే ఇక్కడ పనికొస్తుంది. అందం ఆ తర్వాత సంగతి.

ఈ పని కొత్తదేమీ కాదు. ఇంగ్లండులో జాన్ లబ్బక్ అనే ఆయన ఉండేవారు. బ్యాంకు నడిపేవారు, పార్లమెంటు సభ్యుడు, డార్విన్‌కు ఇరుగుపొరుగు. రెండు గాజు పలకల మధ్య పలుచగా మట్టి నింపి, అందులో చీమలను పెట్టి, గుడ్డ కప్పి, కావలసినప్పుడు తీసి చూసేవారు. 1882లో అచ్చయిన పుస్తకంలో ఆ సంగతులన్నీ రాశారు. ఆయన దగ్గర ఒక రాణి చీమ దాదాపు 15 ఏళ్లు బతికింది. చీమలు పారిపోకుండా ఆయన గూళ్ల చుట్టూ నీళ్ల కందకం పెట్టారు. చక్కెర డబ్బాను నీళ్ల పళ్లెంలో పెట్టే మన అమ్మలు ఆ పుస్తకం చదవలేదు కానీ వాళ్లదీ అదే కిటుకు. ఆయన చీమలను లోపల ఉంచడానికి వాడారు, వీళ్లు బయట ఉంచడానికి వాడారు, అంతే తేడా.

చీమల శాస్త్రానికి మన జిల్లాతో దూరపు చుట్టరికం కూడా ఉంది. లంకమల అడవి పేరు చెప్పగానే ఇక్కడందరికీ కలివికోడి గుర్తొస్తుంది. ఇక లేదనుకున్న ఆ పిట్ట 1986లో మన జిల్లాలోనే మళ్లీ కనిపించింది. ఇంగ్లిషులో దానికి జెర్డాన్ పేరు పెట్టారు. ఆ జెర్డాన్ ఈస్టిండియా కంపెనీ కాలపు వైద్యుడు, నెల్లూరులో పనిచేసినవాడు. పిట్టల మనిషిగానే ఆయన్ను తలచుకుంటారు గాని, దక్షిణ భారతపు చీమల మీద కూడా ఆయన 1851లో రాశాడు. పొడవాటి దవడలతో, పెద్ద కళ్లతో, ఎర పైకి గెంతే చీమ ఒకటుంది. దాన్ని మొదట వర్ణించి పేరు పెట్టింది ఆయనే.

ఇక పనిలోకి వద్దాం. గూడు కట్టడానికి ముందు రాణి కావాలి. పుట్ట తవ్వి రాణిని తేవాలని చూడకండి. పుట్ట పాడవుతుంది, రాణి దొరకదు. తొలకరి వానలు పడ్డాక సాయంత్రాలు దీపాల చుట్టూ చూడండి. అక్కడ కనిపించే రెక్కల పురుగుల్లో ఎక్కువ భాగం ఉసిళ్లు, అంటే చెదలు. వాటి నాలుగు రెక్కలు ఒకే పొడవు, నడుము మొద్దు. చీమకు ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి. నడుము సన్నం, మీసాలు మోచేతిలా వంగి ఉంటాయి. రెక్కలు రాల్చుకుని నేల మీద ఒంటరిగా హడావిడిగా తిరిగే పెద్ద చీమ కనిపిస్తే అదే మీకు కావలసింది. మొదటిసారి పెంచేవాళ్లకు నల్ల గండుచీమ మేలు. వేప మొదట్లోనో తుమ్మ మొదట్లోనో దాని పుట్ట చూసే ఉంటారు. ఒంటి సైజు పెద్దది, గూడు కొలతల్లో చిన్న తేడా వచ్చినా సర్దుకుంటుంది. ఎర్ర చీమ జోలికి మాత్రం పోకండి. కుడితే మంట సరే, సూది మొన దూరే సందు దొరికినా బయటికొస్తుంది.

ఆ ఒంటరి రాణికి మొదటి ఇల్లు పరీక్షనాళిక. మూడో వంతు నీళ్లు పోసి, దూదిని నీళ్లు తగిలేలా గట్టిగా దిగ్గొట్టి, రాణిని వదిలి, మూతి దగ్గర ఇంకో దూది పెట్టి చీకట్లో ఉంచండి. గండుచీమ రాణికి తిండి పెట్టనక్కరలేదు. ఇక అవసరం లేని రెక్కల కండరాలు లోపల కరిగి, వాటి బలంతోనే తొలి పిల్లలను సాకుతుంది. నెల పైచిలుకులో చిన్న చిన్న కూలీ చీమలు బయటికొస్తాయి. అంతవరకు మీరు చేయవలసిన పని ముట్టుకోకుండా ఉండటం. పిల్లలూ, ఇది మీకే చెబుతున్నాను. రోజుకు పదిసార్లు దీపం వేసి చూస్తే రాణి బెదిరిపోతుంది, తన గుడ్లు తానే తినేస్తుంది.

పది, ఇరవై కూలీ చీమలయ్యాక గూడు అవసరమవుతుంది. దాన్ని ఎలా రూపొందించాలో తెలియాలంటే నేల కింద ఏముందో తెలియాలి. అమెరికాలో వాల్టర్ చింకెల్ అనే శాస్త్రవేత్త పుట్టల్లోకి ప్లాస్టర్ పోసి, కరిగించిన లోహం పోసి, గట్టిపడ్డాక తవ్వి తీశారు. ఆ అచ్చుల్లో కనిపించేవి ముఖ్యంగా రెండే. కిందికి దిగే సొరంగం, దాని నుంచి పక్కకు విచ్చుకున్న చదునైన గదులు. మెలికలు తిరిగిన బాటలు, గుండ్రటి వంతెనలు లేవు. అవి బొమ్మల అంగళ్ల వాళ్లు మన కళ్ల కోసం పెట్టినవి. 1956లో అమెరికాలో మిల్టన్ లెవిన్ అమ్మకానికి పెట్టిన ఇసుక పెట్టె లక్షల ఇళ్లకు చేరింది. అందులో వేసుకునేందుకు పోస్టులో వచ్చేవి కూలీ చీమలే, రాణి ఉండదు. సొరంగాలు తవ్వి కొన్నాళ్లకు చనిపోతాయి. దాన్ని చీమల పెంపకం అనడానికి నాకు మనసు ఒప్పదు.

నేలలో ఇంకో సంగతి ఉంది. పైన మట్టి పగలు కాలిపోతుంది, రాత్రి చల్లబడుతుంది. రెండు మూడు అడుగుల లోతున పగటికీ రాత్రికీ తేడా దాదాపు ఉండదు. లోతుకు పోయేకొద్దీ తడి పెరుగుతుంది. చీమలు ఈ తేడాను వాడుకుంటాయి. గుడ్లను, పిల్లపురుగులను తడి ఉన్న చోట పెడతాయి, ప్యూపాలను, అంటే పిల్లపురుగు చీమగా మారే దశలో ఉన్నవాటిని, పొడిగా వెచ్చగా ఉన్న గదిలోకి మోస్తాయి. వేళను బట్టి, ఎండను బట్టి మళ్లీ మారుస్తాయి. చేల గట్ల మీద గింజలు పోగుచేసే చీమలున్నాయి, వాటి పుట్ట నోటి చుట్టూ పొట్టు గుండ్రంగా పడి ఉంటుంది. వాటికైతే గింజల గది ఎండుగా ఉండి తీరాలి, లేకపోతే మొలకెత్తుతాయి. అందుకని గూడంతా ఒకే తడిగా ఉండకూడదు. ఒక కొస తడి, ఇంకో కొస పొడి. మధ్యలో ఎక్కడుండాలో చీమ తేల్చుకుంటుంది, మనం తేల్చకూడదు.

అయితే దేనితో కట్టాలి? కడపవాళ్లం కాబట్టి మొదట మన బండే గుర్తొస్తుంది. నల్ల బండ మీద గదులు చెక్కిస్తే చూడముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ అది నీళ్లు తాగదు. పోసిన నీళ్లు పక్కకు జారిపోతాయి. గూటికి కావలసింది నీటిని పీల్చి మెల్లగా వదిలే పదార్థం. బండను గూటి కింద పీటగా వాడుకోండి, వేసవిలో చల్లగా ఉంటుంది.

మామూలు ఎర్ర ఇటుక బాగా తాగుతుంది. 24 గంటలు నానబెట్టిన ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీళ్లు పీల్చకూడదని మన దేశ ప్రమాణం. అంటే 3 కిలోల ఇటుక అర కిలో దాకా తాగినా మంచి ఇటుకే. వంటింటి త్రాసుతో మీరే చూడవచ్చు. చిక్కల్లా చెక్కడంలో ఉంది, ఉలి దెబ్బకు పగులుతుంది.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పిల్లలకు సులువు. గాజు పలక మీద రంగుల బంకమన్నుతో గదులను, బాటలను ఉబ్బెత్తుగా దిద్ది, చుట్టూ అట్టతో గోడ కట్టి, పైన ప్లాస్టర్ పోస్తే గట్టిపడ్డాక బంకమన్ను తీసిన చోట గదులు మిగులుతాయి. నీళ్లలోకి పొడి చల్లాలి, పొడిలోకి నీళ్లు కాదు. కొన్ని రోజులు బాగా ఆరనివ్వాలి. దీని లోపం బూజు. పైగా తడిగా ఉంటే గండుచీమలు దాన్ని కొరికి, మీరు గీసిన పటాన్ని తమకు నచ్చినట్టు దిద్దుకుంటాయి.

నేను గట్టిగా సిఫారసు చేసేది ఏఏసీ బ్లాకు, ఇప్పుడు ఇళ్ల కట్టుబడిలో వాడే తెల్లటి తేలిక ఇటుక. పని జరుగుతున్న చోట విరిగిన ముక్క అడిగితే ఊరికే ఇస్తారు. ఇదిగో, బల్ల మీద పెట్టిన ముక్క చూడండి. పాత స్క్రూడ్రైవరుతో గీస్తే పిండిలా రాలుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆరుబయట చెక్కండి, ఆ దుమ్ము ఊపిరికి మంచిది కాదు. గండుచీమకు గది లోతు సెంటీమీటరు పైన, బాట వెడల్పు సెంటీమీటరు లోపు చాలు. ఒక కొసన, గదులకు మూడు నాలుగు సెంటీమీటర్ల ఎడంగా, నీళ్ల గుంట తవ్వాలి. బ్లాకును కడిగి, ఆరబెట్టి, గుంటలో నీళ్లు పోసి చూస్తూ ఉండండి. ముదురు రంగు గీత ఒకటి గుంట నుంచి గదుల వైపు మెల్లగా జరుగుతుంది. మొదటి గది దాటి రెండో గది దగ్గర నిలిచిందనుకోండి, గుంట సరిపోయింది. చివరి గది దాకా పాకితే గుంట పెద్దదైనట్టు. అద్దాల కొట్టులో పలక కోయించి, అంచులు నూరించి, క్లిప్పులతో బిగించండి.

కుమ్మరి మట్టి మీద కూడా నాకు ఆశ ఉంది. కాల్చిన మట్టి తడిని వదులుతూ తాను చల్లబడుతుంది, మన పొడి గాలిలో ఆ చలవ ఇంకా ఎక్కువ. కుండలో నీళ్లు తాగేవాళ్లకు నేను చెప్పాలా? గుర్తుంచుకోవలసింది ఒకటే. మట్టి ఆరేటప్పుడు, కాలేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి గదులను కావలసిన దానికంటే పెద్దవిగా దిద్దమనాలి. మన కుమ్మరులు ఒకరిద్దరు ఈ పని పట్టుకుంటే ప్లాస్టిక్ గూళ్లు కొనే అవసరం ఉండదు.

గూడు చిన్నదిగా కట్టండి. ఈ మాటను పెద్దలు కూడా వినరు. ఇరవై చీమలకు ఇరవై గదుల మేడ ఇస్తే అవి ఒక మూల చేరి, మిగతా గదులను చెత్తకుండీ చేస్తాయి. చీమలు నిలబడితే నేలలో సగమో మూడో వంతో నిండేంత చోటు చాలు. పెరిగినప్పుడు ఇంకో ముక్కను గొట్టంతో కలపవచ్చు.

మార్చేటప్పుడు నాళికను బోర్లించి దులపకండి. దాని మూతిని గూటి ద్వారానికి ఆనించి, గూటిని చీకటి చేసి, నాళికను వెలుతుర్లో ఉంచండి. ఒక కూలీ చీమ వెళ్లి చూసి వస్తుంది, తర్వాత ఇంకొకటి. కొన్ని కాపురాలు అదే రాత్రి కదులుతాయి, కొన్ని నాళికలో నీళ్లు అయిపోయేదాకా మొండికేస్తాయి. తొందరపెట్టవద్దు. అవి మోసుకెళ్లే జొన్నగింజల్లాంటి తెల్లటి వాటిని అందరూ చీమ గుడ్లంటారు. అవి గుడ్లు కావు, పట్టుపొరలో ఉన్న ప్యూపాలు. అసలు గుడ్లు చుక్కంత ఉంటాయి, కుప్పగా అతికి ఉంటాయి.

చీమలకు ఎరుపు సరిగా కనిపించదు. మనకు కనిపించని అతినీలలోహిత కాంతిని మాత్రం అవి పసిగడతాయని లబ్బక్ ఆనాడే చూపించారు. ఉపాధ్యాయులకు ఇది మంచి ప్రయోగం. అద్దం మీద సగం ఎర్ర జిలెటిన్ కాగితం, సగం ఊదా రంగుది అంటించి, ప్యూపాలను ఎటు మోస్తాయో పిల్లలతో రాయించండి.

గూటికి ఆనుకుని మేతకు ఒక బయటి డబ్బా ఉండాలి. అంచు లోపల టాల్కం పౌడరును స్పిరిట్‌లో కలిపి పూస్తే ఆరాక కాళ్లు నిలవవు. గాలి రంధ్రాలకు సన్నటి స్టీలు జల్లెడ వేయండి. తేనె నీళ్లు ఒక చుక్క, వారానికి రెండుసార్లు పురుగు ముక్క చాలు. వంటింటి బొద్దింకను పెట్టకండి, అది ఏ మందు తిని వచ్చిందో తెలియదు. చీమల సుద్ద పట్టుకున్న చేతితో గూటిని ముట్టుకుంటే మొత్తం కాపురం పోతుంది.

ఎండాకాలంలో గూటిని మెట్ల కిందనో, ఉత్తరపు గోడ పక్కనో, నేల మీద బండ పైన ఉంచండి. టీవీ మీద, కిటికీలో వద్దు. ఏప్రిల్, మే నెలల్లో గుంట రోజూ ఎండిపోవచ్చు, వానాకాలంలో వారమైనా తడి ఉండవచ్చు. తేదీలు చూసి కాదు, ఆ ముదురు గీతను చూసి పోయండి. ఆ బండను నీళ్ల పళ్లెంలో నిలపండి, గూటికి మాత్రం నీళ్లు తగలకూడదు. ఇది మన చీమలు పారిపోతాయని కాదు. తేనె వాసన పట్టి ఇంట్లోని ఎర్ర చీమలు దండెత్తి వస్తే, గండుచీమల చిన్న కాపురం ఒక్క రాత్రి కూడా నిలవదు.

రాణిని మన పెరట్లో, వీధి దీపం కింద ఏరుకోండి. లంకమల, నల్లమల అభయారణ్యాల్లోంచి ఏదీ తేవద్దు, 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. పెంచలేకపోతే ఏరిన చోటే వదిలేయండి, వేరే ఊళ్లో కాదు.

బల్ల మీద ఏఏసీ ముక్కలు, రెండు స్క్రూడ్రైవర్లు ఉన్నాయి. చెక్కి చూడాలనుకునే పిల్లలు గుడ్డ కట్టుకుని వరండాలోకి రండి. ప్రశ్నలు అక్కడే అడగవచ్చు.