ఇన్సూరెన్స్ గడువు దాటిన కారుతో ప్రమాదం జరిగితే
(రోడ్డు భద్రతా మాసం సందర్భంగా ఒక కాలనీ సంక్షేమ సంఘం సభలో న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

రోడ్డు భద్రత అనగానే హెల్మెట్టు, సీటుబెల్టు, తాగి నడపడం గురించి చెబుతారు. చెప్పాల్సిందే. నేను మాత్రం ఈ సాయంత్రం తాగకుండా, బెల్టు పెట్టుకుని, నిదానంగా బండి నడిపే మనిషి గురించి మాట్లాడతాను. అతని కారు కింద ఒకరు పడ్డారు. స్టేషన్లో ఎస్సై కాగితాలు అడిగితే ధైర్యంగానే తీసి ఇచ్చాడు. ఎస్సై గడువు తేదీ మీద వేలు పెట్టి చూపించేదాకా, ఆ పాలసీ పోయిన నెలలోనే అయిపోయిందని అతనికి తెలియదు.

వాహన ప్రమాద కేసులు చూసే వకీళ్లెవరికీ ఈ మనిషి కొత్త కాదు. ఆఫీసుకొచ్చి కూర్చోగానే ఒకే మాట అంటాడు. "నాకు నిజంగా తెలీదండీ. తెలిస్తే కట్టకుండా ఉంటానా?" నేను నమ్ముతాను. ప్రమాద నష్టపరిహారం తేల్చే ట్రిబ్యునల్ కూడా నమ్మొచ్చు. కానీ ఆ నమ్మకం వల్ల అతను కట్టాల్సిన సొమ్ములో రూపాయి కూడా తగ్గదు. అది ఎందుకో ముందు చెబుతాను.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్, అంటే మన బండి వల్ల అవతలివాళ్లకు జరిగే నష్టానికి చేసే బీమా, లేకుండా బండి రోడ్డెక్కకూడదు. లేకుండా నడిపితే 196వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారి దొరికితే జరిమానా 4,000. ఈ 2,000 అందరికీ తెలుసు. ఛలానా కట్టేస్తే పోతుందిలే అనుకుంటారు. అసలు భారం ఛలానాలో లేదు.

ప్రమాదంలో ఒకరు చనిపోతే వాళ్ల కుటుంబం ట్రిబ్యునల్లో పిటిషన్ వేస్తుంది. మన కోర్టుల్లో దాన్ని ఎం.వి.ఓ.పి. అంటాం. మామూలుగా అందులో బండి ఓనరు ఒక ప్రతివాది, ఇన్సూరెన్స్ కంపెనీ మరో ప్రతివాది. ఇద్దరూ కలిసి ఇంత చెల్లించాలని అవార్డు, అంటే ట్రిబ్యునల్ తీర్పు, వస్తుంది, కంపెనీ కడుతుంది. ఓనరు చాలాసార్లు కోర్టు గుమ్మం కూడా తొక్కడు. పాలసీ లేకపోతే ఆ కంపెనీ అక్కడ ఉండదు. మీరొక్కరే మిగులుతారు.

ఎంత కట్టాలో లెక్క వేసి చూద్దాం. జాతీయ రహదారి 65 మీద సూర్యాపేట దాటాక మీ కారు తగిలి ముప్పై ఏళ్ల ఎలక్ట్రీషియన్ చనిపోయాడనుకుందాం. నెలకు 15,000 సంపాదిస్తున్నాడు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2017లో ఖరారు చేసిన పద్ధతిలో, నలభై ఏళ్ల లోపు సొంతంగా పనిచేసుకునేవాడి సంపాదనకు ముందుముందు పెరగబోయే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు. 21,000 అయింది. నలుగురు అతని మీద ఆధారపడ్డారు కాబట్టి సొంత ఖర్చుల కింద నాలుగో వంతు తీసేస్తారు. 15,750 మిగిలింది. ఏడాదికి 1,89,000. ఈ ఏడాది మొత్తాన్ని వయసును బట్టి ఒక గుణకంతో హెచ్చిస్తారు, ముప్పై ఏళ్లకు అది 17. మొత్తం 32,13,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, భార్యాపిల్లలకూ తల్లికీ మనిషి తోడు పోయినందుకు ఇచ్చే మొత్తాలు దీనికి అదనం. పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ నడుస్తుంది. ఆరు శాతం వేసుకున్నా, కేసు మూడేళ్లు నడిస్తే అసలు మీద వడ్డీయే 5 లక్షల 78 వేలు.

ఇంత సొమ్ముకు పూచీగా నిలబడే థర్డ్ పార్టీ ప్రీమియం ఎంతో చూడండి. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టికలో, వెయ్యి నుంచి పదిహేను వందల సీసీ మధ్య ఉన్న సొంత కారుకు ఏడాదికి 3,416 రూపాయలు. పన్ను వేరు. మనవాళ్లు పట్టుచీర కొనేటప్పుడు ఇంతకంటే ఎక్కువ బేరమాడతారు.

కట్టకపోతే ఏమవుతుందని అడుగుతారు. అవార్డు సొమ్మును భూమిశిస్తు బకాయి లాగా వసూలు చేయమని ట్రిబ్యునల్ కలెక్టరుకు సర్టిఫికెట్ పంపగలదు. 174వ సెక్షన్ అందుకే ఉంది. ఇల్లు, పొలం, బ్యాంకు ఖాతా దేన్నీ వదలరు. కారు సంగతి సరేసరి. బీమా లేని బండి ప్రమాదం చేస్తే తగిన పూచీకత్తు ఇచ్చేదాకా విడుదల చేయవద్దని, మూడు నెలల్లో ఇవ్వకపోతే వేలం వేసి ఆ డబ్బు ట్రిబ్యునల్లో జమ చేయాలని, అలా రూల్సు మార్చుకోవాలని 2018లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నింటికీ చెప్పింది.

ఇంకో భ్రమ ఉంది. "ముందు కంపెనీ కట్టి తరవాత మన దగ్గర వసూలు చేసుకుంటుందట కదా?" అంటారు. డ్రైవరుకు లైసెన్సు లేకపోవడం లాంటి షరతుల ఉల్లంఘన ఉన్న కేసుల్లో అలా ఆదేశించడం నిజమే. అక్కడ పాలసీ బతికే ఉంది, షరతు మాత్రం తప్పింది. గడువు తీరితే ఒప్పందమే లేదు. లేని ఒప్పందం మీద ఏ కంపెనీ చేతా కట్టించలేరు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం ఓనరు ఇల్లు పోవడం కాదు. ఓనరుకు ఇల్లే లేకపోవడం. పాత కారు, అద్దె ఇల్లు, నెల జీతం తప్ప మరేమీ లేనివాడి మీద 32 లక్షల అవార్డు వస్తే, ఆ ఎలక్ట్రీషియన్ భార్య చేతికి వచ్చేది సంతకం పెట్టిన కాగితం. ఆ తీర్పు అమలు చేయించమని ఆమె ఈ.పి. అనే పిటిషన్ వేస్తుంది. వాయిదాలకు తిరుగుతుంది. పిల్లల ఫీజులు మాత్రం ఆ వాయిదాల కోసం ఆగవు. దేశంలో తిరిగే బండ్లలో సగానికి పైగా బీమా లేకుండానే తిరుగుతున్నాయని పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికలోనే ఉంది. వాటిలో స్కూటర్లు, మోటారు సైకిళ్లే ఎక్కువ. ఆ లెక్క విన్న ప్రతిసారీ నాకు ఇలాంటి భార్యలు, తల్లులు గుర్తుకొస్తారు.

ఇక, కావాలని ఎగ్గొట్టేవాళ్లను పక్కన పెట్టి, తెలియకుండా గడువు ఎలా దాటుతుందో చెబుతాను. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. మీలో కొందరి బండ్లు ఈ మాటల్లో దొరుకుతాయి.

మొదటిది షోరూములో వినే "మూడేళ్ల ఇన్సూరెన్స్" అన్న మాట. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్లు, కొత్త టూ వీలరుకు ఐదేళ్లు థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టించుకుంటున్నారు. కానీ మీ కారుకు జరిగే నష్టం తాలూకు భాగం సాధారణంగా ఒక్క ఏడాదికే ఉంటుంది. "ఫుల్ ఇన్సూరెన్స్ మూడేళ్లు ఉంది" అనుకున్న మనిషికి రెండో ఏడాది సొంత నష్టం కవరు ఉండదు, నాలుగో ఏడాది ఏదీ ఉండదు. మోటారు సైకిలు సంగతి ఇంకా ఘోరం. ఐదేళ్లపాటు ఎవరూ గుర్తుచేయని తేదీ మనకు గుర్తుండమంటే ఎలా ఉంటుంది? 2019లో కొన్న బండికి 2024లో అయిపోయింది. అది మీ అబ్బాయి ఇప్పటికీ కాలేజీకి వేసుకెళుతున్న బండే కావచ్చు.

రెండోది ఫోను నంబరు. మన ఊళ్లలో ఇది చాలా ఎక్కువ. కారు కొడుకు పేరు మీద కొంటారు. కొడుకు డాలస్ వెళతాడు. ఇక్కడి సిమ్ము ఆగిపోతుంది. రెన్యువల్ మెసేజీలన్నీ ఆ ఆగిపోయిన నంబరుకే వెళతాయి. గుంటూరులో నాన్నగారు ఆ కారులోనే గుడికీ ఆసుపత్రికీ వెళ్లివస్తూ ఉంటారు. ప్రమాదం జరిగితే ఆర్సీ ప్రకారం ఓనరు కొడుకు. నోటీసు అతని పేరు మీదే వస్తుంది.

మూడోది, జీవిత బీమా అలవాటు. ఎల్ఐసీ ప్రీమియానికి గడువు దాటాక కూడా కొన్ని రోజులు గ్రేస్ పీరియడ్ ఉంటుంది. కారుకూ అలాగే ఉంటుందనుకుంటారు. మోటారు పాలసీకి గ్రేస్ పీరియడ్ లేదు. కాగితం మీద ఏ తేదీ ఉంటే ఆ అర్ధరాత్రితో సరి. తొంభై రోజులు అని ఎక్కడో విని ఉంటారు. అది నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోకుండా రెన్యువల్ చేసుకోవడానికి ఇచ్చిన వ్యవధి. ఆ తొంభై రోజుల్లో ప్రమాదం జరిగితే కంపెనీ బాధ్యత ఏమీ ఉండదు. ఈ ఒక్క అపోహ వల్ల చితికిన కుటుంబాలున్నాయి.

ఇంకా ఉన్నాయి. ఏజెంటు చేతికి నగదు ఇచ్చి, అతను తెచ్చిచ్చిన రంగు కాగితం నకిలీదని తరవాత తేలడం. ఆన్‌లైన్లో డబ్బు కట్ అయినా పాలసీ జారీ కాకపోవడం. సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పుడు పాత ఓనరు పాలసీ రెండు నెలల్లో అయిపోతుందని ఎవరూ చెప్పకపోవడం.

చెక్కు బౌన్సు కావడం గురించి విడిగా చెప్పాలి. ఓనరుకు నిజంగా తెలియకపోవడం కోర్టులో కాస్తయినా అక్కరకొచ్చేది ఇక్కడే. బీమా చట్టం 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం అందకుండా కంపెనీ మీద బాధ్యత పడదు. చెక్కు చెల్లక కంపెనీ పాలసీ రద్దు చేసి, ఆ సంగతి ప్రమాదానికి ముందే మీకు తెలియజేస్తే, కంపెనీ తప్పుకుంటుంది. కానీ రద్దు సంగతి ప్రమాదం తరవాతే ఓనరుకు చేరిన ఒక బస్సు కేసులో 2012లో సుప్రీంకోర్టు, బాధితులకు కంపెనీయే చెల్లించాలని, ఆ తరవాత ఓనరు దగ్గర రాబట్టుకోవచ్చని చెప్పింది. బాధితుడు గట్టెక్కాడు, ఓనరు గట్టెక్కలేదు. నా మటుకు అది న్యాయమైన తీర్పే. కాబట్టి మీకు ఇలాంటిది ఎదురైతే కవరు కూడా పారేయకండి. రద్దు ఉత్తరం ఏ రోజు పంపారు, మీకు ఏ రోజు చేరింది అన్న దాని మీదే కేసు నిలబడుతుంది.

ప్రమాదం జరిగిపోయింది, పాలసీ లేదని అప్పుడే తెలిసింది అనుకుందాం. ఆ గంటలో మనిషి బుర్ర పనిచేయదు. పక్కనుంచి సలహాలు మాత్రం వెల్లువలా వస్తాయి. "వెంటనే ఫోన్లో పాలసీ తీసుకో" అంటారు. అది పనికిరాదు. 1991 డిసెంబరు 10న జరిగిన ఒక ప్రమాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రమాదం మధ్యాహ్నం 2 గంటల 20 నిమిషాలకు, పాలసీ తీసుకున్నది 2 గంటల 55 నిమిషాలకు. కంపెనీకి బాధ్యత లేదని తీర్పు వచ్చింది. ఇప్పుడు పాలసీ మీద గంటా నిమిషం ముద్రపడి వస్తాయి. ఆ సమయాన్ని దాచబోతే, డబ్బు కట్టాల్సిన కేసు కాస్తా మోసం కేసు కూడా అవుతుంది.

"బీమా ఉన్న మా తమ్ముడి బండి పెడదాం" అంటారు. "డ్రైవరు నడిపాడని చెబుదాం" అంటారు. ఇవి మర్యాదస్తులు కూడా చేస్తున్న పనులు. దయచేసి వద్దు. టోల్ గేటు కెమెరా, ఫోను టవరు, బండి మీద గీత, వీటన్నిటినీ ఒకే కథ చెప్పేలా ఎవరూ చేయలేరు. పైగా చేయని నేరాన్ని ఒక పేద డ్రైవరు నెత్తిన వేయడం పాపం. ఇప్పుడు నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరానికి భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష ఉంది.

చేయాల్సినవి తక్కువే. బండి ఆపండి. 108కి ఫోన్ చేయండి. దెబ్బ తగిలినవాళ్లను ఆసుపత్రికి చేర్చే బాధ్యత 134వ సెక్షన్ మీ మీదే పెట్టింది. పోలీసులకు మీరే చెప్పండి. బండికి బీమా లేకపోయినా బాధితుడికి వైద్యం ఆగకూడదు. 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స ఉంది. ఆసుపత్రివాళ్లకు తెలియకపోతే మీరే గుర్తుచేయండి. ఆ కుటుంబాన్ని వెళ్లి పలకరించండి, చేతనైంది ఇవ్వండి, ఇచ్చింది రాసి పెట్టుకోండి. "వెళితే తప్పు ఒప్పుకున్నట్టే" అని భయపెట్టే వకీళ్లుంటారు. నేను ఆ సలహా ఎవరికీ ఇవ్వను.

ట్రిబ్యునల్ నోటీసు వస్తే తీసుకోండి. తలుపు వేసుకుంటే ఎక్స్ పార్టీ చేస్తారు, అంటే మీరు లేకుండానే కేసు తేల్చేస్తారు, అవతలివాళ్లు చెప్పిన సంపాదన అలాగే ఖాయమైపోవచ్చు. హాజరై, మీ వాదన చెప్పుకుని, వీలైతే లోక్ అదాలత్‌లో రాజీకి రండి. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ బలం ఉంటుంది, అప్పీలు ఉండదు, వాయిదాల్లో కట్టేలా మాట్లాడుకోవచ్చు. స్టేషన్ బయట పెద్దమనుషులు తెల్లకాగితం మీద రాయించే రాజీని నమ్ముకుని కూర్చోవద్దు. చనిపోయినవాడికి మైనరు పిల్లలుంటే వాళ్ల వాటా ఆ కాగితంతో తీరిపోదు.

చివరిగా, కారు అమ్మేసినవాళ్ల సంగతి. ఒకాయన 2007లో కారు అమ్మాడు. అది చేతులు మారుతూ పోయింది. పేరు మార్పిడి ఎవరూ చేయించుకోలేదు, బీమా ఎవరూ కట్టలేదు. 2009లో ప్రమాదం జరిగింది. ఆర్సీలో ఎవరి పేరుంటే వాళ్లే ఓనరు, కాబట్టి మొదటాయనే చెల్లించాలని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. మీరు డబ్బు లెక్కపెట్టుకుని తాళాలు ఇచ్చేసి మరిచిపోయిన స్కూటరు ఈ రాత్రి ఎవరి చేతిలో ఉందో మీకు తెలుసా? పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 సంతకం చేసి కొన్నవాడికి ఇచ్చి ఊరుకుంటే సరిపోదు. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో రవాణా శాఖకు మీరు కూడా తెలియజేయాలి.

ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఇన్సూరెన్స్ ఏ తేదీ దాకా ఉందో కనిపిస్తుంది. చూడటం తెలియని పెద్దవాళ్లు సభ అయ్యాక నా దగ్గరకు రండి, నంబరు చెప్పండి, ఇక్కడే కూర్చుని చూద్దాం. అమ్మేసిన బండ్ల నంబర్లు గుర్తుంటే అవి కూడా తీసుకురండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.