కడిగిన చేతికి మళ్లీ అంటుకునేది ఎక్కడ?

[దృశ్యం: నర్సరీ వాష్‌రూమ్. నీలం రంగు అంటిన చిన్న చెయ్యి కుళాయి పిడి తిప్పుతుంది.]

వ్యాఖ్యాత: పెయింటింగ్ క్లాసు అయ్యింది. పాప కుళాయి తిప్పింది, సబ్బు రాసుకుంది, చేతులు తెల్లగా కడుక్కుంది. బాగుంది. ఇప్పుడు నీళ్లు కట్టేయాలి కదా, మళ్లీ అదే పిడి పట్టుకుంది.

[క్లోజప్: కడిగిన వేళ్ల మీద మళ్లీ నీలం.]

రంగు కాబట్టి కనబడింది. టాయిలెట్ నుంచి వచ్చిన చేతిమీద ఉండేది కనబడదు. వాంతులు, విరేచనాలు పట్టించే నోరోవైరస్ ఇలాంటి చోట రోజుల తరబడి నిలిచి ఉంటుంది. శానిటైజర్‌కీ సరిగ్గా లొంగదు.

అందుకే పిల్లలకు నొక్కితే వచ్చి, దానంతటదే ఆగే కుళాయి మేలు. కాకపోతే నురగ పోకముందే నీళ్లు ఆగాయంటే, పిల్లలు చేతులు బట్టలకు తుడిచేసుకుని పరుగే! ఆ సమయం కాస్త పెంచి పెట్టించండి. తిప్పే కుళాయిలే ఉంటే, చేతులు తుడుచుకున్న టిష్యూతోనే కట్టేయడం నేర్పండి.

మరి సెన్సార్ కుళాయి? ముట్టుకోనక్కర్లేదు, నిజమే. కానీ 2011లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి పరిశోధకులు పరీక్షిస్తే, మామూలు కుళాయిల కంటే సెన్సార్ కుళాయిల నీళ్లలోనే లెజియోనెల్లా బ్యాక్టీరియా ఎక్కువగా దొరికింది. నీటి తుంపరలతో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా తెచ్చేది ఇదే. లోపలి వాల్వులు అది పెరగడానికి అనువుగా ఉన్నాయని వాళ్ల అనుమానం. ఖరీదైనది పెట్టించాం, ఇక చూడక్కర్లేదు అనుకోవద్దు.

[దృశ్యం: గ్లౌజులు వేసుకున్న చేతులు. రెండు రంగుల గుడ్డలు.]

తుడిచేటప్పుడు కుళాయి ముందు, కమోడ్ చివర. గుడ్డలు వేర్వేరు. మెరిసే పైభాగం అందరూ తుడుస్తారు. వేళ్లు పట్టేది పిడి అడుగున, వెనకవైపున. అక్కడ రుద్దండి.

ముందు సబ్బు నీళ్లు, ఆ తర్వాతే బ్లీచ్. మురికి ఉంటే క్లోరిన్ దానిమీదే ఖర్చైపోతుంది. ఎవరికైనా వాంతులైన రోజున 5 శాతం ద్రవ బ్లీచ్ 20 మి.లీ., లీటరు నీళ్లలో కలిపి పూయండి. 5 నిమిషాలు తడిగానే ఉంచి, మంచినీళ్లతో కడిగేయండి. ఆ కాసేపు పిల్లల్ని లోపలికి రానివ్వకండి.

[క్లోజప్: కుళాయి మూతి దగ్గరి జల్లెడను విప్పుతున్నారు. లోపల తెల్లటి గార, జిగురు పొర.]

ఇక ఎవరూ చూడని చోటు ఇది. నీళ్లు చిమ్మకుండా పెట్టే ఈ చిన్న జల్లెడలో ఇసుక, తుప్పు, గార చిక్కుకుంటాయి. వాటిమీద జిగురు పొర కడుతుంది. బ్యాక్టీరియా కాపురం అందులోనే. కొందరు పిల్లలు నోరు పెట్టి తాగేదీ ఈ మూతికే!

విప్పి, వెనిగర్‌లో నానబెట్టి, పాత బ్రష్‌తో రుద్ది బిగించండి. చిరిగితే మార్చేయండి. వెనిగర్‌గానీ, గార పోగొట్టే ఏ యాసిడ్‌గానీ బ్లీచ్‌తో కలపకూడదు. విషవాయువు వస్తుంది.

[దృశ్యం: సెలవుల తర్వాత తెరుచుకున్న బడి.]

సెలవుల్లో పైపుల్లో నీళ్లు కదలకుండా ఉండిపోతాయి. గోరువెచ్చగా నిలిచిన నీళ్లంటే లెజియోనెల్లాకు పండగ. బడి తెరిచే ముందు ప్రతి కుళాయినీ నిదానంగా, తుంపరలు లేవకుండా తిప్పి, నిల్వ నీళ్లు పోయేదాకా వదలండి. చివరి గదిలో ఎవరూ వాడని కుళాయి ఒకటుంటుంది కదా, దాన్ని బడి నడిచే రోజుల్లో కూడా వారానికోసారి తిప్పాలి.