అమెరికా కాలేజీకి ముద్ర వేసేదెవరు? వాళ్లను అడిగేదెవరు?

నమస్తే అండీ. 2019 జనవరి చివర్లో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్ అనే పేరు మన టీవీల్లో మారుమోగిపోయింది, గుర్తుందా? మిషిగన్ రాష్ట్రం, ఫార్మింగ్టన్ హిల్స్. క్లాసుల్లేవు, లెక్చరర్లు లేరు. వీసా మోసాలు పట్టుకోవడానికి వల పన్ని నడిపింది అమెరికా ఇమ్మిగ్రేషన్ అధికారులే, మారుపేర్లతో! దాదాపు 600 మంది చేరితే, అందులో ఎక్కువ మంది భారతీయులు. మన తెలుగు పిల్లలూ చాలామంది ఉన్నారు. విద్యార్థుల్ని చేర్పించారని కేసు పెట్టిన ఎనిమిది మంది దళారుల్లోనూ మనవాళ్లే ఎక్కువ.

క్లాసు లేకుండా ఫీజు కడుతుంటే ఆమాత్రం అర్థం కాదా అని అప్పుడు చాలామంది తిట్టిపోశారు. ఆ మాటలో కొంత నిజముంది. ఉద్యోగం చేసుకుంటూ వీసా నిలబెట్టుకోవడానికే వీళ్లు డబ్బు కట్టారన్నది అధికారుల వాదన. నాకు మింగుడుపడనిది ఇంకొకటి. ఆ దొంగ కాలేజీకి అక్రెడిటేషన్, అంటే చదువు నాణ్యత సరిగ్గా ఉందని బయటి సంస్థ వేసే ముద్ర, ఉన్నట్టు చూపించారు. ఏసీసీఎస్‌సీ అని, అక్కడి ప్రభుత్వం గుర్తించిన అసలైన అక్రెడిటింగ్ సంస్థే. ప్రభుత్వం అడిగిందని తన జాబితాలో ఆ పేరు పెట్టింది. అంటే ఇక్కడ ఏ ఖమ్మంలోనో ఒక తండ్రి ముందుజాగ్రత్తగా వెతికి చూసుకున్నా, "ఉంది, పర్లేదు" అనే అనుకునేవాడు.

ఇంతకీ అక్కడ ఈ పద్ధతి ఎలా నడుస్తుంది? మన దగ్గర కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ ఉంది, 1994లో యూజీసీ పెట్టింది. అమెరికాలో అలా కాదు. కాలేజీలకు ముద్ర వేసేవి ప్రైవేటు సంస్థలు. కాలేజీ తన గురించి తనే ఒక పెద్ద రిపోర్టు రాసుకుంటుంది. వేరే కాలేజీల ప్రొఫెసర్లు వచ్చి రెండు మూడు రోజులు తిరిగి చూస్తారు. తర్వాత కమిషన్ కూర్చుని తేలుస్తుంది. ఈ ముద్ర లేకపోతే ఆ కాలేజీ విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వ రుణాలు, గ్రాంట్లు రావు. చాలా కాలేజీలకు అదే ప్రాణం.

చిక్కు ఎక్కడుందంటే, ఆ సంస్థలు బతికేది కాలేజీలు కట్టే ఫీజుల మీద. ఏటా సభ్యత్వం, తనిఖీ ఖర్చులు, అన్నీ కాలేజీవే. కమిషన్ తీసుకునే పెళ్లిళ్ల పేరయ్యనే పిలిచి అబ్బాయి మంచివాడేనా అని అడిగినట్టు! అలాగని అందరూ అలాంటివాళ్లని కాదు. గట్టిగా చూసేవాళ్లూ ఉన్నారు. కానీ కాలేజీ మీద వేటు వేస్తే తమ ఆదాయానికే గండి అన్న సంగతి వాళ్లకు తెలియకుండా ఉండదు కదా.

మరి వీళ్లను ఎవరు చూస్తారు? అమెరికా విద్యాశాఖ. ఏ అక్రెడిటింగ్ సంస్థ మాట నమ్మాలో గుర్తించేది అదే. 18 మందితో ఒక సలహా కమిటీ కూడా ఉంది. ఆ గుర్తింపు ఎంత బలంగా పనిచేస్తుందో తెలియాలంటే ఏసీఐసీఎస్ అనే అక్రెడిటింగ్ సంస్థ కథ వినాలి. ఇది మనకు బాగా దగ్గరి కథ.

2015 డిసెంబర్‌లో శంషాబాద్ విమానాశ్రయంలో 19 మంది విద్యార్థుల్ని ఎయిర్ ఇండియా విమానం ఎక్కనివ్వలేదు. చేతిలో వీసా ఉంది, కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం ఉంది, ఇంటిల్లిపాదీ వచ్చి సాగనంపుతున్నారు. వాళ్లు వెళ్లాల్సినవి కాలిఫోర్నియాలోని సిలికాన్ వ్యాలీ యూనివర్సిటీ, నార్త్‌వెస్టర్న్ పాలిటెక్నిక్ యూనివర్సిటీ. అంతకుముందే ఆ కాలేజీలకని వెళ్లిన 14 మందిని శాన్ ఫ్రాన్సిస్కో నుంచే తిప్పి పంపేశారు. మేం ఏ బ్లాక్‌లిస్టులోనూ లేం అని రెండు కాలేజీలూ మొత్తుకున్నాయి. రెండింటికీ అక్రెడిటేషన్ ఇచ్చింది ఏసీఐసీఎస్.

2016లో మూతపడ్డ ఐటీటీ టెక్ అనే పెద్ద కాలేజీల గొలుసుకూ ముద్ర ఈ సంస్థదే. ఆ ఏడాదే ఒబామా ప్రభుత్వం దాని గుర్తింపు తీసేసింది. 2018లో ట్రంప్ ప్రభుత్వం తిరిగి ఇచ్చింది. 2020లో యూఎస్ఏ టుడే పాత్రికేయులు సౌత్ డకోటాలోని రీగన్ నేషనల్ యూనివర్సిటీకి వెళ్లి చూస్తే విద్యార్థుల జాడ లేదు, అధ్యాపకుల జాడ లేదు. దానికీ ఏసీఐసీఎస్ ముద్ర ఉంది! చివరికి 2022 ఆగస్టులో ఆ సంస్థ గుర్తింపు పూర్తిగా పోయింది. చూశారా, ప్రభుత్వం మారినప్పుడల్లా దాని రాత మారింది. నాణ్యత మాత్రం మధ్యలో ఏం మారిందో నాకైతే అర్థం కాలేదు.

మన దగ్గర బాగుందని కాదండోయ్. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక డీమ్డ్ యూనివర్సిటీకి ఏ ప్లస్ ప్లస్ గ్రేడ్ కోసం లంచాలు చేతులు మారాయన్న ఆరోపణతో సీబీఐ పది మందిని అరెస్టు చేసింది. వాళ్లలో తనిఖీకి వచ్చిన న్యాక్ బృందం సభ్యులూ ఉన్నారు.

సరే, మీ అబ్బాయో అమ్మాయో ఎంఎస్‌కి వెళ్తున్నారు. ఏం చూడాలి? "అక్రెడిటెడ్" అని కాలేజీ వెబ్‌సైట్లో ఉంటే చాలదు. ఎవరిచ్చారో పేరు చూడండి. అమెరికా విద్యాశాఖ నడిపే డాపిప్ అనే ఉచిత డేటాబేస్ ఉంది. కాలేజీ పేరు కొడితే ముద్ర వేసిన సంస్థ ఏది, ఎప్పటినుంచి, మధ్యలో వార్నింగో ప్రొబేషనో పడిందా అన్నీ వస్తాయి. "క్యాండిడేట్" అని కనిపిస్తే ఇంకా రాలేదని అర్థం. కన్సల్టెన్సీ వాళ్లు దాన్ని వచ్చేసినట్టే చెప్తారు, జాగ్రత్త. అన్నట్టు, ఇంజినీరింగ్ ఎంఎస్‌కి ఏబెట్ (ఇంజినీరింగ్ కోర్సులకు విడిగా ఇచ్చే ముద్ర) లేదని టెన్షన్ పడకండి. అది ఎక్కువగా బ్యాచిలర్ డిగ్రీలకు ఇచ్చేది.

ముద్ర లేని నష్టం చదువుతో ఆగదు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కోర్సుల వాళ్లకు దొరికే 24 నెలల అదనపు ఓపీటీకి, అంటే చదువయ్యాక అక్కడే ఉద్యోగం చేసుకునే అనుమతికి, కాలేజీకి అక్రెడిటేషన్ ఉండి తీరాలి. హెచ్-1బీ ఉద్యోగ వీసాల్లో అమెరికా మాస్టర్స్ చేసినవాళ్లకు ఉన్న 20,000 కోటాకీ అంతే. పైగా ఆ కోటాకు కాలేజీ ప్రభుత్వానిదైనా అయ్యుండాలి, లాభాపేక్ష లేనిదైనా అయ్యుండాలి. లాభాల కోసం నడిచే కాలేజీకి అక్రెడిటేషన్ ఎంత పక్కాగా ఉన్నా మీ పేరు ఆ లాటరీలోకి రాదు. ఈ సంగతి మొదటి సెమిస్టర్ ఫీజు కట్టకముందే తేల్చుకోండి.