తెలుగు మీదుగా జపనీస్

శ్రోతలందరికీ నమస్కారం.

ఇంట్లోంచి బయటికి అడుగు పెడుతూ మనం "పోతున్నా" అనం. అంటే పెద్దవాళ్ళు ఊరుకోరు. "వెళ్ళొస్తాను" అంటాం. లోపలున్నవాళ్ళు "వెళ్ళి రండి" అంటారు. జపాన్‌లోనూ పొద్దున్నే గుమ్మాల దగ్గర వినిపించేది ఇదే మాట. బయల్దేరేవాళ్ళు "ఇత్తెకిమాస్" అంటారు. ఇత్తె అంటే వెళ్ళి, కిమాస్ అంటే వస్తాను. లోపలివాళ్ళు "ఇత్తెరష్షాయ్" అంటారు. అంటే వెళ్ళి రండి. మాటకు మాట అతికినట్టు సరిపోతుంది.

ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. నాకు దొరికినవన్నీ ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళ కోసం రాసినవి. గురువు లేకుండా ఇంట్లో కూచుని జపనీస్ నేర్చుకోవాలనుకునే తెలుగువాళ్ళకి నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. ఇంగ్లీషు మీదుగా వెళ్ళకండి, తెలుగు మీదుగా వెళ్ళండి.

మాది సూళ్ళూరుపేట. మా ఆయన శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తారు. ఒకసారి జపాన్ నుంచి వచ్చిన ఇంజనీరుగారిని భోజనానికి పిలిచారు. నెల్లూరు చేపల పులుసు చేశాను. ఆయన గిన్నె వైపు చూస్తున్నారు, కాస్త జంకుతున్నారు. "తిని చూడండి" అనాలని నా నోటిదాకా వచ్చింది. ఏ భాషలో అనను? నవ్వి ఊరుకున్నాను. ఇంటికి వచ్చిన అతిథిని నోరారా తినమనలేకపోయానే అని ఆ రాత్రంతా బాధపడ్డాను. నా చదువు మొదలైంది అక్కడే.

మొదటి మూడు నెలలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని నేర్చుకున్నాను. ఆ మూడు నెలలూ వృథా. ఎందుకో చెప్తాను. "ఒబసన్" అంటే అత్తో పిన్నో. "ఒబాసన్" అంటే బామ్మ. ఒక్క దీర్ఘమే తేడా. "కితె" అంటే వచ్చి, "కిత్తె" అంటే తపాలా బిళ్ళ. ఇక్కడ తేడా ఒక్క ఒత్తు. ఇంగ్లీషు అక్షరాల్లో చదివితే ఈ దీర్ఘాలూ ఒత్తులూ కంటికి ఆనవు, నాలుకకి అందవు. మనకి అలా కాదు. పడు వేరు, పాడు వేరు. కల వేరు, కల్ల వేరు. పలక పట్టిన ఏడాదే మనకి వచ్చేసిన విద్య ఇది. జపనీస్ మాటల్ని తెలుగు లిపిలో రాసుకుని చూడండి, ఉచ్చారణ చాలావరకు దానంతటదే కుదురుతుంది.

ఇంకో చిన్న అద్భుతం చెప్తాను. మీరు నోటితో అని చూడాలి. "చిలక" అనండి. ఇప్పుడు "చుక్క" అనండి. రెండిట్లో ఉన్నదీ చకారమే. కానీ చిలకలో నాలుక పైకి, అంగిటి వైపుకి వెళ్ళింది, చుక్కలో పళ్ళ వెనక్కి వచ్చింది. ఈ రెండో దాన్ని మన వ్యాకరణం దంత్య చకారం అంటుంది. ఇకారం, ఎకారం ముందు ఒకటి, అకారం, ఉకారం ముందు ఇంకొకటి. జపనీస్‌లో తకారపు వరసలో ఇకారం వచ్చిన చోట మన చిలకలో చకారం, ఉకారం వచ్చిన చోట మన చుక్కలో చకారం పలుకుతాయి. మనం "సునామీ" అని రాస్తున్నామే, అందులో మొదటి అక్షరం అసలు చుక్కలోని చు. ఇంగ్లీషువాళ్ళు మాట మొదట్లో ఈ ధ్వని పలకలేక తంటాలు పడతారు. మనం రోజూ చలి, చోటు, చాప అంటూనే ఉన్నాం.

అక్షరాల దగ్గరకి వద్దాం. జపనీస్‌లో ధ్వనిని రాసే లిపులు రెండు, హిరగాన, కతకాన. ఒక్కోదానిలో ఇప్పుడు వాడే మూలాక్షరాలు 46. పిల్లలు వల్లించే వరస వినండి. అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. హకారం ఉన్నచోట పూర్వం పకారం ఉండేది. సకారాన్ని కూడా పూర్వం చకారానికి దగ్గరగా పలికేవారంటారు. ఇప్పుడు మన క చ ట త ప, య ర ల వ గుర్తు చేసుకోండి. ఇది కాకతాళీయం కాదు. బౌద్ధ భిక్షువులు మంత్రాలు తప్పు లేకుండా చదవడం కోసం సంస్కృత వర్ణమాలని సిద్ధం అనే లిపిలో నేర్చుకున్నారు. 806లో చైనా నుంచి తిరిగివచ్చిన కూకై అనే భిక్షువు ఆ చదువుని జపాన్‌లో పాదుకొల్పిన వాళ్ళలో ముఖ్యుడు. తర్వాత ఆ వర్ణక్రమంలోనే వాళ్ళ అక్షరాలు కూడా కుదురుకున్నాయి. జపనీస్ నిఘంటువు చేతికొస్తే మాట ఏ పేజీ దగ్గర ఉంటుందో నా వేళ్ళకి ముందే తెలిసినట్టు ఉండేది. కారణం ఇదన్నమాట.

ఇక వాక్యం. నా నోటుపుస్తకంలో ఒక పేజీ చదువుతాను. పైన జపనీస్, కింద తెలుగు. "యమద-సన్ వ", యమదగారు. "ఇచిబ ని", మార్కెట్‌కి. "ఇత్తె", వెళ్ళి. "సకన ఒ", చేపను. "కత్త", కొన్నాను. "తొ", అని. "ఈమష్త", చెప్పారు. మార్కెట్‌కి వెళ్ళి చేపను కొన్నానని యమదగారు చెప్పారు. ఇదే వాక్యాన్ని ఇంగ్లీషులో పెట్టుకుని నేర్చుకుంటే తోకని తలకి, తలని తోకకి మార్చుకోవాలి. మనం ఏదీ మార్చక్కర్లేదు. పైగా కొన్నాడు, కొన్నది, కొన్నారు అన్న బాధ వాళ్ళకి లేదు. ఎవరు కొన్నా "కత్త"నే.

ఆ పేజీ తర్వాత కొన్నాళ్ళకి "తబెతె మితె కుదసాయ్" అన్న మాట తగిలింది. తబెతె అంటే తిని. మితె కుదసాయ్ అంటే చూడండి. తిని చూడండి! ఆ రోజు నా గొంతులో ఆగిపోయిన మాట అక్షరాలా అదే. చూడటం అన్న క్రియనే, ప్రయత్నించడం అన్న అర్థంలో, ఇంకో క్రియకి తగిలించి వాళ్ళూ వాడతారు, మనమూ వాడతాం. "రాసి పెట్టు" అని మనం అన్నట్టే వాళ్ళు "కైతె ఒకు" అంటారు. అక్కడా పెట్టడమే. పుస్తకం మూసి కాసేపు అలాగే కూచుండిపోయాను.

ఇంత పోలిక ఉంటే రెండు భాషలూ చుట్టాలా అని అడుగుతారు. ఓనొ సుసుము అనే జపాన్ పండితుడు తమిళానికీ జపనీస్‌కీ చుట్టరికం ఉందని చాలా ఏళ్ళు వాదించారు. భాషాశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. పోలిక ఉన్నంత మాత్రాన పుట్టుక ఒకటని చెప్పలేం. నేర్చుకునేవాళ్ళకి ఆ పోలిక చాలు.

అంతా నల్లేరు మీద నడకే అని నేను చెప్పను. కాంజీ ఉంది. చైనా నుంచి వెళ్ళిన బొమ్మ అక్షరాలు. నిత్య వాడుకకి జపాన్ ప్రభుత్వం నిర్ణయించిన పట్టికలో 2,136 ఉన్నాయి. ఒకే అక్షరానికి రెండు మూడు ఉచ్చారణలు. ఆదివారాన్ని "నిచియోబి" అంటారు. రాస్తే మూడు అక్షరాలు. మొదటిదీ చివరిదీ ఒకే అక్షరం, సూర్యుడి అక్షరం. మొదట్లో "నిచి" అని, చివర్లో "బి" అని చదవాలి. ఇక్కడ తెలుగు సాయానికి రాదు. కూచుని రాయడమే మార్గం. అక్కడి పిల్లలకే ప్రాథమిక పాఠశాల ఆరేళ్ళలో నేర్పేవి 1,026. అందుకని నేను రోజుకి మూడే పెట్టుకున్నాను. ఒక్కోటి పదిసార్లు రాయడం, దాంతో ఒక మాట కట్టడం. పండగలకీ పెళ్ళిళ్ళకీ ఆగిపోతుంది, మళ్ళీ మొదలుపెడతాను.

మర్యాదల దగ్గర కూడా జాగ్రత్త కావాలి. సన్ అంటే మన గారు. మన పేరుకి మనం గారు తగిలించుకోనట్టే వాళ్ళూ తగిలించుకోరు. ఇంతవరకు బాగుంది. కానీ బయటివాళ్ళతో తమ పై అధికారి గురించి మాట్లాడేటప్పుడు కూడా వాళ్ళు సన్ తీసేస్తారు. మనకి అలా నోరు రాదు. నాకు ఇప్పటికీ రాదు.

పాఠాలకి డబ్బు పెట్టక్కర్లేదు. జపాన్ ప్రసార సంస్థ ఎన్‌.హెచ్‌.కె. వరల్డ్ వాళ్ళ పాఠాలూ, జపాన్ ఫౌండేషన్ వాళ్ళ పాఠాలూ ఉచితంగా దొరుకుతాయి. వినండి, విన్నది వెంటనే పైకి అనండి. ఎవరైనా చూస్తారేమో అన్న సిగ్గు వద్దు. నేను పప్పు కలుపుతూ అనేదాన్ని. మా అత్తయ్య రోజూ వినీ వినీ, ఇప్పుడు మా వాడు బడికి బయల్దేరితే వరండాలోంచి "ఇత్తెరష్షాయ్" అంటుంది.

పరీక్ష రాయాలనుకుంటే జె.ఎల్‌.పి.టి. అనే జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్ష ఉంది. 1984లో మొదలైంది. ఎన్‌5 అన్నిటికన్నా కింది మెట్టు, ఎన్‌1 పైది. ఉద్యోగాలకి పనికొస్తుంది. అయితే అందులో మాట్లాడే పరీక్షా లేదు, రాసే పరీక్షా లేదు. జవాబులు గుర్తించడమే. అది పాసై కూడా నోరు పెగలనివాళ్ళు ఉంటారు. అందుకే పైకి అనమని ఇంతగా చెప్తున్నాను.

నిన్న రాత్రి నేను రాసిన కాంజీ "కికు", అంటే వినడం. పద్నాలుగు గీతలు. ముందు ఎనిమిది గీతలతో రెండు తలుపుల ద్వారం గీయాలి. ఆ ద్వారం మొదట్లో ఉచ్చారణ గుర్తుకోసం పెట్టినదట. మిగిలిన ఆరు గీతలూ దాని లోపల, తలుపుల కింద. అది చెవి. ఆ చెవి నాకు ఇంకా వంకరగానే వస్తోంది. ఈ రాత్రికి మళ్ళీ పదిసార్లు రాయాలి.

నమస్కారం.