జపమాలలో కనిపించిన కమాను

శ్రోతలందరికీ నమస్కారం.

కిందటి అక్టోబరు నెలలో మా వారూ నేనూ 12 రోజుల పాటు స్పెయిన్ దేశంలో తిరిగి వచ్చాము. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా పనిచేసి పదవీ విరమణ పొందినవారు. నేను బడిపిల్లలకు తెలుగు చెప్పి ఇంటిపట్టున ఉన్నదాన్ని. ప్రయాణం ఖాయమైన నాడే మా ఇద్దరి కోరికలూ వేరని తేలిపోయింది. బార్సిలోనా నగరంలో వాస్తుశిల్పి ఆంటోని గౌదీ కట్టిన కట్టడాలను కళ్లారా చూడాలన్నది ఆయనకు కాలేజీ రోజుల నుంచీ ఉన్న కోరిక. మోన్‌సెరాట్ కొండమీద కొలువైన మరియమాతను దర్శించుకోవాలని, అక్కడి పాత గుళ్లలో దివ్యబలిపూజలో పాల్గొనాలని నా కోరిక. ఒకరిది విహారం, ఒకరిది యాత్ర. ఈ రెండూ ఒకే ప్రయాణంలో ఎలా ఇమిడాయో, మొదటి రోజున ఎందుకు ఇమడలేదో చెప్పడానికే ఈ పూట మీతో మాట్లాడుతున్నాను.

బార్సిలోనాలో దిగిన మరునాటి ఉదయమే సగ్రాద ఫమీలియాకు వెళ్లాము. మనం తిరు కుటుంబం అంటామే, ఆ యేసు, మరియ, యోసేపుల కుటుంబం పేరు మీద వెలసిన దేవాలయం అది. 1882లో పునాదిరాయి వేశారు. 1883లో పని గౌదీ చేతికి వచ్చింది. 1926లో ఆయన కన్నుమూసే నాటికి అందులో కొద్ది భాగమే పైకి లేచింది. ప్రభుత్వపు సొమ్ముతో కాకుండా, భక్తులు పాప పరిహారార్థం ఇచ్చే కానుకలతో కట్టాలని మొదటే సంకల్పించుకున్న గుడి కావడం వల్ల డబ్బు వచ్చినప్పుడు పని సాగింది, రానప్పుడు ఆగింది. ఇప్పుడు చూడవచ్చేవారు కొనే టిక్కెట్ల సొమ్ము కూడా ఆ పనికే వెళుతున్నది. 2010 నవంబరు 7న 16వ బెనెడిక్ట్ పోపుగారు వచ్చి ఈ దేవాలయాన్ని అభిషేకించారు.

లోపల అడుగుపెట్టగానే మా ఇద్దరికీ మాట పడిపోయింది. స్తంభాలు నేలలో నుంచి చెట్ల మాదిరిగా లేచి, పైన కొమ్మలుగా చీలి, ఆ కొమ్మల మీద కప్పును మోస్తున్నాయి. తూర్పు వైపు కిటికీల అద్దాలు నీలం, ఆకుపచ్చ రంగులవి, పడమటి వైపువి నారింజ, ఎరుపు రంగులవి. మేము వెళ్లింది ఉదయం కావడం వల్ల ఆ నేలంతా, ఆ మనుషుల ముఖాలన్నీ ఏటి అడుగున ఉన్నట్టు నీలివెలుగులో కనిపించాయి. మా వారు మెడ నొప్పి పుట్టేదాకా తల దించలేదు.

నేను ఒక బల్ల మీద కూర్చుని జపమాల చేతిలోకి తీసుకున్నాను. చెవిలో ఆ గుడి వివరాలు చెప్పే యంత్రం మాట్లాడుతున్నది. ముందు వరుసలో నలుగురు ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. నేనూ మధ్యమధ్య ఫోటో తీయడానికి లేస్తున్నాను. ఇది దేవాలయమని నాకు తెలుసు, నేను ప్రార్థించాలని వచ్చానని కూడా తెలుసు, అయినా పది పూసలు దాటలేకపోయాను. తప్పు గుడిది కాదు, చూడవచ్చినవారిదీ కాదు. చూడటానికి కొన్న టిక్కెట్టుతో లోపలికి వచ్చి, ప్రార్థన కూడా అందులోనే అయిపోతుందని అనుకున్న నాదే ఆ తప్పు. ఇంతదూరం వచ్చి ఇలా జరిగిందేమిటని మనసు చివుక్కుమన్నది.

అదే మనసుతో కింద ఉన్న ప్రదర్శనశాలలోకి వెళ్లాము. అక్కడ కప్పు నుంచి వందల దారాలు తలకిందులుగా వేలాడదీసిన ఒక నమూనా ఉన్నది. బార్సిలోనాకు దగ్గరలోని కొలోనియా గ్వెల్ అనే చోట ఒక గుడి కోసం గౌదీ ఏళ్ల తరబడి ఇలా దారాలు వేలాడదీసి, వాటికి సీసపు గుండ్లు నింపిన చిన్న చిన్న సంచులు కట్టి, ఆ ఒంపులకు ఫోటో తీసి, ఆ ఫోటోను తలకిందులు చేసి కట్టడం ఆకారాన్ని రాబట్టేవాడట. నాకు బోధపడలేదు. అప్పుడు మా వారు “ఇలా ఇవ్వు” అని నా చేతిలోని జపమాలను తీసుకున్నారు. “ఏమండీ, జపమాలతో లెక్కలేమిటి?” అన్నాను. నాకు నిజంగానే మనస్కరించలేదు. “లెక్కలు కాదు, చూడు” అని ఆయన పూసల వరుసను రెండు చేతుల మధ్య వదులుగా వేలాడదీశారు. దాని బరువే దానికి ఒక ఒంపు ఇచ్చింది. ఆ ఒంపులో ప్రతి పూసా పక్క పూసను లాగుతుందే కాని వంచదట. అదే ఒంపును తలకిందులు చేసి రాతితో కడితే ఆ లాగుడు కాస్తా నొక్కుడుగా మారుతుందట. రాయి లాగుడుకు విరుగుతుంది కాని నొక్కుడును ఎంతైనా భరిస్తుంది, అందుకే అటువంటి కమాను నిలబడుతుందని ఆయన చెప్పారు. ముప్పై ఏళ్లుగా నా చేతిలో ఉన్న ఆ చెక్కపూసల మాలలో ఒక కమాను దాగి ఉన్నదని నాకు అప్పుడే తెలిసింది.

ఆ సాయంత్రం మేము దిగిన బసలోని ఒక పెద్దావిడ, మా మాటలు విని, ఆ గుడికి అడుగున మరో గుడి ఉన్నదని, అక్కడ ఆ పేటవాళ్లు రోజూ పూజకు వెళతారని చెప్పింది. మరునాడు ఆ పూజవేళకు వెళ్లాము. వేరే ద్వారం, వేరే మెట్లు, టిక్కెట్టు లేదు, చెవిలో యంత్రం లేదు. మొత్తం దేవాలయంలో మొట్టమొదట కట్టినది ఈ నేలమాళిగ గుడే. 1936లో అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో దీనికి నిప్పు పెట్టారు, పక్కనే ఉన్న గౌదీ పనిశాలలోని నమూనాలను పగలగొట్టారు, ఆ తరువాత మళ్లీ బాగుచేసుకున్నారు. పైన వేలమంది తిరుగుతున్న ఆ కట్టడానికి సరిగ్గా అడుగున, ఆ సాయంత్రం ఒక ముప్పై నలభై మంది ఉన్నారేమో. ఎక్కువమంది ముసలివాళ్లు, చేతిసంచిలో కూరగాయలతో నేరుగా బజారు నుంచి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

పూజ కతలాన్ భాషలో జరిగింది. ఒక్క ముక్క తెలియదు, అయినా ఎక్కడ నిలబడాలో, ఎక్కడ మోకరించాలో, ఎక్కడ తల వంచాలో మాకెవరూ చెప్పనక్కరలేకపోయింది, ఎందుకంటే పూజాక్రమం మన విచారణ (పారిష్) గుడిలోనిదే. గురువులు “పారె నోస్త్రె” అని ఎత్తుకోగానే అది పరలోక జపమని పోల్చుకుని, వాళ్లు వాళ్ల భాషలో చెబుతుంటే మేమిద్దరం తెలుగులో, “పరలోకమందున్న మా తండ్రీ” అని వాళ్లతో కలిసి మొదలుపెట్టి, వాళ్లతో కలిసే ముగించాము. ఒకరికొకరు శాంతిని కోరుకుంటూ సమాధానం ఇచ్చిపుచ్చుకునే వేళ పక్కనున్న ముసలామె కరచాలనం కోసం చేయి చాచింది. నేను అలవాటు కొద్దీ రెండు చేతులూ జోడించాను. ఆమె ఒక క్షణం చూసి, చాచిన చేతిని వెనక్కి తీసుకుని, తానూ రెండు చేతులూ జోడించి తల వంచింది. స్పెయిన్‌లో నేను చూసిన వాటిలో ఏది గొప్పదని అడిగితే ఇప్పటికీ ఆ జోడించిన చేతులే ముందు గుర్తుకు వస్తాయి.

ఆ నేలమాళిగలోనే, కార్మెలు మాత పేరిట ఉన్న చిన్న పూజాపీఠం దగ్గర, గౌదీ సమాధి ఉన్నది. 1926 జూన్ 7న, రోజూ వెళ్లే గుడికి ప్రార్థన కోసం నడిచి వెళుతుండగా ఆయనను ట్రాము ఢీకొన్నది. మాసిన బట్టలు చూసి ఎవరో బిచ్చగాడనుకున్నారు. పేదల ఆసుపత్రిలో చేర్చారు. మూడు రోజులకు, 73 ఏళ్ల వయసులో, అక్కడే కన్నుమూశారు. 2025లో ఫ్రాన్సిస్ పోపుగారు ఆయనను పూజనీయుడిగా ప్రకటించారు, పునీతుడిగా గుర్తించే దారిలో అది ఒక మెట్టు. మా వారు ఆయనను గొప్ప ఇంజినీరుగానే ఎరుగుదురు. ఆ రాతిపలక ముందు ఆయన మోకరించడం చూసి నేను కొంచెం దూరంలోనే ఆగి జపమాల మొదలుపెట్టాను. చేతుల మధ్య వేలాడుతున్న పూసల ఒంపు కంటబడి నిన్నటి మాట గుర్తుకొచ్చింది. ఈసారి మనసు చెదరలేదు. యాభై పూసలూ తిరిగాయి.

అక్కడి నుంచి మా పద్ధతి మార్చుకున్నాము. చూడటానికి ఒక గంట, ప్రార్థనకు ఒక గంట. ఒకే గుడి అయినా సరే, రెండుసార్లు వెళ్లాలి. చూడటానికి వెళ్లినప్పుడు కళ్లు తృప్తిపడేదాకా చూడాలి, ప్రార్థనకు వెళ్లినప్పుడు ఫోను సంచిలోనే ఉండాలి.

మోన్‌సెరాట్‌కు బార్సిలోనా నుంచి రైలులో వెళ్లి, కొండ కింద పళ్లచక్రాల రైలు ఎక్కాము. మోన్‌సెరాట్ అంటే రంపపు పళ్ల కొండ అని అర్థం. నిటారుగా నిలిచిన గుండ్రటి రాతిస్తంభాలను దూరం నుంచి చూస్తే ఆ పేరు ఎందుకు వచ్చిందో అడగనక్కరలేదు. బెనెడిక్టు సభ సన్యాసులు 11వ శతాబ్దం నుంచి అక్కడ ఉన్నారు. 1811లో నెపోలియన్ సైన్యాలు మఠాన్ని ధ్వంసం చేసినా మళ్లీ కట్టుకున్నారు. యేసు సభను స్థాపించిన పునీత లొయోలా ఇన్యాసివారు 1522లో తన సైనిక జీవితానికి స్వస్తి చెప్పి కత్తిని సమర్పించుకున్నది ఈ మాత పాదాల దగ్గరే. మాత స్వరూపం 12వ శతాబ్దపు కొయ్యబొమ్మ. ముఖమూ చేతులూ కాలక్రమంలో నల్లబడడం వల్ల అక్కడివారు ముద్దుగా “మొరెనేత” అంటారు, నల్లమ్మ అన్నమాట. బొమ్మ చుట్టూ అద్దం ఉన్నది. మాత కుడిచేతిలోని గోళం మాత్రం ఆ అద్దంలో నుంచి బయటికి వచ్చి ఉంటుంది. ఎన్ని లక్షల చేతులు తాకాయో, ఆ గోళం నున్నగా ఉన్నది. వరుసలో మా వంతుకు వచ్చింది అరనిమిషమే. నేను ఆ గోళం మీద అరచేయి ఆనించి, ఇంటినుంచి మోసుకువెళ్లిన పేర్లన్నీ ఒక్కొక్కటిగా చెప్పుకున్నాను. బయట కొండను ఆనుకుని కొవ్వొత్తులు వెలిగించే దారి ఒకటి ఉన్నది. రంగురంగుల కొవ్వొత్తుల వేడి ముఖానికి తగులుతుంటే నాకు గుణదల కొండ, ఫిబ్రవరి ఉత్సవాలు, చిన్నప్పుడు మా అమ్మ చేయి పట్టుకుని ఎక్కిన మెట్లు కళ్లముందు నిలిచాయి. మధ్యాహ్నం అక్కడి బాలల గాయకబృందం మాతకు పాడిన స్తుతిని విన్నాక, మా వారు అడిగిన రాళ్లూ లోయలూ చూడటానికి కొండపైకి వెళ్లాము. ముందు అమ్మ, తరువాత కొండ.

ఆ తరువాత మూడు రోజులు స్పెయిన్ వాయవ్య మూలన ఉన్న సంతియాగో దె కొంపొస్తెలాలో గడిపాము. జెబెదయి కుమారుడైన అపొస్తలుడు యాకోబుగారి సమాధి అక్కడ ఉన్నదన్న విశ్వాసంతో వెయ్యేళ్లకు పైగా భక్తులు నడిచి వస్తున్న ఊరు అది. కనీసం 100 కిలోమీటర్లు నడిచి వచ్చినవారికి అక్కడ ధ్రువపత్రం ఇస్తారు. మేము నడవలేదు, విమానంలో వెళ్లాము. బొబ్బలెక్కిన కాళ్లతో, తడిసిన బట్టలతో గుడిలోకి వచ్చేవారిని చూసి పూజలో నా చోటును ఒక అమ్మాయికి ఇచ్చి గోడవార నిలబడ్డాను. అక్కడ సుమారు 53 కిలోల బరువున్న పెద్ద ధూపకలశం ఉన్నది. ఎనిమిదిమంది తాడు లాగుతుంటే అది ఊయలలాగా గుడి ఈ కొన నుంచి ఆ కొన దాకా ఊగుతుంది. పెద్ద పండుగలకు, లేదా ఎవరైనా ముందుగా కోరినప్పుడు మాత్రమే దానిని ఊపుతారు. మేమున్న రోజుల్లో ఊపలేదు. అది చూడటానికే వచ్చి, అది లేదని పూజ మధ్యలో లేచి వెళ్లిపోయినవారిని చూసి నాకు కష్టంగా అనిపించింది.

వెళ్లదలచుకున్నవారికి పనికివచ్చే మాటలు రెండు చెబుతాను. స్పెయిన్‌లో పూజను “మిసా” అంటారు, వేళలను “ఒరారియో” అంటారు. ఈ రెండు మాటలూ వస్తే ఏ గుడి తలుపు దగ్గరైనా అంటించిన కాగితంలో పూజవేళలు చదువుకోవచ్చు. పూజకు వచ్చేవారికి టిక్కెట్టు అక్కరలేదు, చాలాచోట్ల ద్వారం కూడా వేరుగా ఉంటుంది. కాపలావారితో “మిసా” అంటే చాలు, దారి చూపిస్తారు. చిన్న ఊళ్లలో మధ్యాహ్నపు వేళ గుళ్లు మూసి ఉంటాయి. ఆదివారం ప్రయాణం ఉన్నవారు శనివారం సాయంకాలపు పూజలో పాల్గొనవచ్చు. భుజాలూ మోకాళ్లూ కప్పుకునే బట్టలు వేసుకోవాలి.

మళ్లీ బార్సిలోనాకు వచ్చాము, మా తిరుగు ప్రయాణం ఆదివారం సాయంత్రం. ఆ ఉదయం 9 గంటలకు సగ్రాద ఫమీలియా పై గుడిలోనే అన్ని దేశాలవారి కోసం పూజ ఉంటుంది. దానికి టిక్కెట్టు లేదు, ముందు వచ్చినవారికి ముందు చోటు. ఏడున్నరకే వెళ్లి, క్రీస్తు జనన ఘట్టాలు చెక్కిన ద్వారం దగ్గర వరుసలో నిలబడ్డాము. మళ్లీ ఆ చెట్టుస్తంభాల నడుమ, మళ్లీ ఆ నీలివెలుగులో కూర్చున్నాము. చుట్టూ ఎన్ని భాషలో. మా వారు పూజ జరిగినంతసేపూ పీఠం వైపే చూస్తూ కూర్చున్నారు, దివ్య సత్ప్రసాదం తీసుకుని వచ్చి కళ్లు మూసుకున్నారు. చివరి దీవెన అయ్యాక, కాపలావారు బయటికి దారి చూపిస్తుండగా, ఒక్కసారి తల పైకెత్తి ఆ కప్పును చూశారు.

సెలవు. నమస్కారం.